బడి, దవాఖాన, ఆఫీసు: మా మేనకోడలి కడుపునొప్పితో ఎనిమిది నెలలు – నాలుగు స్టార్లు

రివ్యూ అంటే బిర్యానీకో మిక్సీకో రాస్తారు గానీ పిల్లల మనసు బాగోగులు చూసే సర్కారు సేవకు ఎవరు రాస్తారని మా ఇంటామె నవ్వింది. అయినా రాస్తున్నా. మాకు అవసరం పడ్డప్పుడు ఎంత వెతికినా "పిల్లలతో ప్రేమగా మాట్లాడండి" అనే మాట తప్ప ఎక్కడికి పోవాలి, ఎవరిని అడగాలి అన్నది తెలుగులో కనబడలేదు. ప్రేమగానే మాట్లాడాం, కడుపునొప్పి తగ్గలేదు.

నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక ఆడ్తి దుకాణంలో గుమస్తాను. మా అక్క 2025 జనవరిలో చనిపోయింది. బావ అంతకు ముందే పోయాడు. మేనకోడలు అప్పుడు ఏడో తరగతి. హనుమకొండలో మా ఇంటికే తెచ్చుకున్నాం గానీ బడి మాత్రం మార్పించలేదు, వరంగల్ వైపు ఉన్న పాత సర్కారు హైస్కూల్లోనే ఉంచాం. తల్లి పోయె, ఇల్లు పోయె, ఇక దోస్తులు కూడా పోతే పిల్ల ఏమైపోవాలె అని మా అమ్మ పట్టుబట్టింది. ఆమె మాటే కరెక్టు. కాకపోతే ఇల్లు ఒక జిల్లాలో, బడి ఇంకో జిల్లాలో అయినందుకు మేం ఎంత తిరిగామో కింద రాస్తా.

జూన్‌లో బళ్లు తెరిచాక కడుపునొప్పి మొదలైంది. పొద్దున ఏడున్నరకు వస్తుంది, పది దాటాక పోతుంది. ఆదివారం ఉండదు, రెండో శనివారం ఉండదు, బోనాలప్పుడు ఉండదు. ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్తే స్కానింగ్, రక్త పరీక్షలు, గ్యాస్ సిరప్, మళ్లీ స్కానింగ్, మొత్తం ఎనిమిది వేల చిల్లర అయింది. రిపోర్టులన్నీ నార్మల్. ఆ నార్మల్ అనే మాట పట్టుకుని ఒకరోజు నేను "ఇంక నాటకాలు బంద్ చెయ్" అని గట్టిగా అరిచాను. పిల్ల ఏం మాట్లాడకుండా లేచి యూనిఫాం వేసుకుని, గడప దగ్గర వాంతి చేసుకుంది. ఆ పొద్దు గుర్తొస్తే నాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది.

చుట్టాల సలహాలకు కొదవ లేదు. దిష్టి తీయించమని ఒకరు, తాయెత్తు కట్టించమని ఒకరు. మనసు డాక్టర్ పేరెత్తగానే మా పెద్దనాన్న "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీస్కపోతరా ఏంది పిల్లను" అన్నాడు. ఐనవోలు మల్లన్నకు మొక్కుకున్నాం, అది వేరే సంగతి, మొక్కు మొక్కే.

అసలు దారి చూపించింది బళ్లో తెలుగు మేడం. సర్కారు బళ్లలో 2020 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ ప్రోగ్రాం అని ఒకటి ఉంది, బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇస్తారు, అందులో పిల్లల మనసు సంగతులు కూడా ఒక పాఠం. ఈ మేడం ఆ ఇద్దరిలో ఒకరు. ఆమె నాకు ఫోన్ చేసి నీతులేం చెప్పలేదు. "మీ పాప జూలైలో పదకొండు రోజులు రాలేదు, వచ్చిన రోజుల్లో కూడా మొదటి రెండు పీరియడ్లు తలుపు వైపే చూస్తుంది, నేను తేదీలు రాసి పెట్టాను, మీరు ఒప్పుకుంటే మన బడికి వచ్చే డాక్టర్లకు చూపిస్తా" అన్నది, అంతే. ఇంట్లో ఉన్న మేం ఆ తలుపు సంగతి ఎన్నడూ వినలేదు. ఈ మేడంకు నేనైతే అయిదుకు అయిదు.

ఆ డాక్టర్లంటే ఆర్‌బీఎస్‌కే వాళ్లు, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. 2013లో మొదలైంది. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్ఎం ఒక బండిలో వస్తారు, అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బళ్లకు ఒకసారి, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరినీ చూస్తారు. కళ్లు, పళ్లు, రక్తహీనత, గుండె చప్పుడు చూడ్డానికే వస్తారని మనం అనుకుంటాం. ఎదుగుదలలో తేడాలు, నేర్చుకోవడంలో ఇబ్బందులు కూడా వాళ్ల లిస్టులోనే ఉంటాయట. ఒక్కో పిల్లకు దొరికేది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాల్లో తేలే సమస్య కాదు మాది, మేడం రాసిపెట్టిన తేదీల కాగితం లేకపోతే కడుపు నొక్కి చూసి నులిపురుగుల గోలీ ఇచ్చి పంపేవాళ్లు. ఆ కాగితం చూసే వాళ్లు డీఈఐసీకి రాసిచ్చారు. డీఈఐసీ అంటే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల కోసమే ప్రభుత్వ దవాఖానలో పెట్టిన సెంటర్. పిల్లల డాక్టర్, సైకాలజిస్టు, మాటలు నేర్పేవాళ్లు, ఫిజియోథెరపీ వాళ్లు అక్కడే ఉంటారు, పైసలు కట్టేది లేదు.

ఆ బండి వచ్చిన రోజే ఒక గడబిడ జరిగింది. పిల్లను పిలుచుకు రమ్మని అటెండర్‌ను పంపారు. ఆయన క్లాసు తలుపు దగ్గర నిలబడి, చేతిలో చీటీ చూసి, పేరు పెట్టి పిలిచి "హెచ్ఎం రూముకు రమ్మంటున్నరు" అన్నాడు. మా పిల్ల వరండాలోనే కూలబడిపోయింది. చెమటలు, వాంతి. అందరూ ఎండ దెబ్బ అనుకున్నారు. ఆగస్టులో ఎండ దెబ్బేమిటని అప్పుడు ఎవరికీ తట్టలేదు, నాకు కూడా.

దవాఖానలో నంబరు రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఈ పంతొమ్మిది రోజుల్లోనే ఒక రాత్రి పదకొండింటికి పిల్ల "అత్తా, ఊపిరి ఆడుతలేదు" అని లేచి కూర్చుంది. మా ఇంటామె 14416కు ఫోన్ చేసింది, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు ఫోన్ సేవ అది, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. అటువైపు అమ్మాయి ముందు పిల్లతోనే మాట్లాడింది, మెల్లగా నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చమని, అంతకంటే ఎక్కువ సేపు వదలమని, ఫోన్‌లోనే తానూ చేస్తూ చేయించింది. తర్వాత మా ఇంటామెతో "బతకాలని లేదు అని పాప ఎప్పుడైనా అన్నదా, మీరు అడిగారా" అన్నది. అడగలేదు, అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని భయం. అలా ఏం కాదు, సూటిగా అడిగితేనే పిల్లలు చెప్పుకుంటారు అని ఆమె ధైర్యం చెప్పింది. అడిగాం. లేదు అన్నది పిల్ల, మళ్లీ తనే "అమ్మ దగ్గరికి పోవాలనిపిస్తది గానీ చావాలని కాదు" అన్నది. ఆ ఒక్క మాటతో మా ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర లేదు, కానీ వినకుండా ఉండటం కంటే విన్నదే నయం. ఫోన్ సేవకు అయిదు స్టార్లు. బడికి కాగితం రాసివ్వడం ఫోన్‌లో అయ్యే పని కాదు, దానికి మాత్రం మనం నడవాల్సిందే.

ఇక సైకాలజిస్టు మేడం సంగతి. మొదటి సిట్టింగ్‌లో పిల్లతో మొట్టమొదట చెప్పింది రహస్యం గురించి. "నువ్వు చెప్పింది మామకు కూడా చెప్పను. నీకు ప్రాణం మీదికి వచ్చే సంగతైతేనో, నిన్ను ఎవరైనా తప్పుగా ముట్టుకుంటేనో మాత్రం చెప్పాల్సి ఉంటుంది, అది కూడా నీకు చెప్పే చేస్తా." ముట్టుకున్న సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి, అందుకే ముందే ఒప్పందం చేసుకుంటారట. నన్ను బయట కూర్చోబెట్టారు. నలభై నిమిషాలు నేను గోడ మీద టీకాల చార్టు చదువుతూ కూర్చున్నా.

రెండో సిట్టింగ్‌లో, పిల్లను అడిగి, నన్ను లోపలికి పిలిచి ఒక కాగితం చూపించారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి భయం పదిలో ఎంత అని పిల్లే వేసుకున్న అంకెలు. నిద్ర లేచినప్పుడు 3. యూనిఫాం వేసుకునేటప్పుడు 5. బస్సులో 4, ఎందుకంటే కిటికీ సీటు. ప్రార్థన 5. మొదటి పీరియడ్ 7. కింద పెన్సిల్‌తో ఒత్తి రాసింది, అటెండర్ వస్తే 10.

అప్పుడు నా బుర్రకు ఎక్కింది. మా అక్క పోయిన రోజు పిల్ల బళ్లోనే ఉంది. మొదటి పీరియడ్‌లో అటెండర్ వచ్చి పేరు పిలిచాడు, హెచ్ఎం రూముకు తీసుకుపోయాడు, అక్కడ నేను నిలబడి ఉన్నా. చెప్పింది నేనే. ఇన్ని నెలలుగా పిల్ల ప్రతి పొద్దూ ఆ తలుపు దగ్గరికి ఎవరు వస్తారో అని చూస్తూ కూర్చుంటోంది. అమ్మమ్మ పోతుందా, మామ పోతాడా అని. కడుపునొప్పి నాటకం కాదు, నొప్పి నొప్పే, కాకపోతే దాని మొదలు కడుపులో లేదు, భయపడితే కడుపు ముందు పట్టేసే పిల్లలు చాలామంది ఉంటారని మేడం చెప్పారు. పైగా సాయం చేద్దామని బడివాళ్లు డాక్టర్లను పిలిపించి, ఆ డాక్టర్ల దగ్గరికి అదే అటెండర్‌తో, అదే చీటీతో, అదే రూముకు పిలిపించారు. ఎవరి తప్పూ కాదు. చెప్పినవాళ్లు లేరు.

ఆ మేడం బడికి రాసిచ్చిన ఉత్తరం అయిదే లైన్లు. ఇంతవరకు మేం చూసిన కాగితాల్లో విలువైనది అదే. అందులో మా అక్క మాట లేదు, రోగం పేరు లేదు. "ఈ విద్యార్థినిని క్లాసులోంచి పేరు పెట్టి పిలిపించకండి. ఏదైనా పని ఉంటే క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లి, విషయం ఏమిటో ముందు చెప్పి, తర్వాత తీసుకెళ్లండి. మొదటి వారం మధ్యాహ్న భోజనం నుంచి, రెండో వారం మూడో పీరియడ్ నుంచి, తర్వాత పూర్తి రోజు రానివ్వండి. ఇబ్బందిగా ఉంటే అడగకుండా అయిదు నిమిషాలు బయటికి వెళ్లి రానివ్వండి. రాని రోజు గురించి అందరి ముందు అడగకండి." కింద సంతకం, స్టాంపు. ఏం జరిగిందో బడికి అక్కర్లేదు, ఏం చెయ్యాలో తెలిస్తే చాలన్నది ఆమె పద్ధతి. నాకు ఇది చాలా నచ్చింది. ఎందుకంటే అంతకు ముందు బళ్లో వంటమనిషికి కూడా మా ఇంటి కథ తెలిసిపోయి, అన్నం వడ్డిస్తూ "అయ్యో బిడ్డా" అంటుంటే పిల్ల ప్లేటు పక్కన పెట్టేసేది. జాలి తప్పు కాదు గానీ అన్నం తినేటప్పుడు వద్దు.

సగం రోజు హాజరు ఎలా వేయాలని హెచ్ఎం సారు కొంచెం గునిసి, చివరికి ఒప్పుకున్నారు. దసరా సెలవులకు ముందు బళ్లో బతుకమ్మ పెట్టారు. మా ఇంట్లో ఏడాది తిరగలేదు కాబట్టి పండుగ లేదు, పద్మాక్షి గుట్ట దాకా కూడా పోలేదు. ఆ రోజు పిల్ల పొద్దున్నే లేచి మా అమ్మను "అమ్మమ్మా, బళ్లో అయితే పేర్చొచ్చు గదా" అని అడిగింది. మా అమ్మ చాలాసేపు ఆలోచించి సరే అన్నది. తంగేడు పూలతో చేతులు పసుపుపచ్చగా చేసుకుని సాయంత్రం వచ్చింది. ఆ రోజు కడుపునొప్పి మాట ఎత్తలేదు, మేమూ అడగలేదు.

ఇక నాలుగో స్టారు దాటి ఎందుకు ఇవ్వలేదో చెప్తా.

దవాఖానలో మేడం, తల్లిదండ్రులు లేని పిల్ల కాబట్టి పిల్లల సంరక్షణ ఆఫీసులో కూడా ఒకసారి కలవండి, మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకంలో నెలకు నాలుగు వేల స్పాన్సర్‌షిప్ ఉంటుంది, చుట్టాల ఇంట్లో పెరిగే పిల్లలకు కూడా ఇస్తారు అన్నారు. పోయాం. ఏ ఆఫీసో పేరు రాయను. ఇల్లు హనుమకొండ జిల్లా కదా అక్కడికి పొండి అన్నారొకరు, బడి వరంగల్ జిల్లా కదా అక్కడికే పొండి అన్నారు ఇంకొకరు. 2021లో జిల్లాల పేర్లు, హద్దులు మార్చినప్పటి నుంచి మా ఊరివాళ్లకు ఇది రోజూ ఉండే తమాషానే, ఒకే ఊరు, రెండు కలెక్టరేట్లు, కానీ పదమూడేళ్ల పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ తమాషా చూడ్డం వేరు. మూడోసారికి కాగితం తీసుకున్నారు. తీసుకున్నామె, పిల్ల ముందే, అందరూ వింటుండగా, "అమ్మ ఎట్ల చనిపోయింది, చెప్పు" అన్నది. అప్పటికి ఆ కథ చెప్పడం నాలుగోసారి. టీచర్‌కు ఒకసారి, బండిలో డాక్టర్లకు ఒకసారి, సైకాలజిస్టుకు ఒకసారి. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు రాసిన కాగితం ఫైల్లోనే ఉంది, తీసి చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. పిల్ల నా చొక్కా అంచు పట్టుకుంది. నేనే "కాగితంలో ఉంది మేడం, అది చూడండి" అన్నా, గొంతు కొంచెం లేచింది.

స్పాన్సర్‌షిప్ రాలేదు. పట్నాల్లో ఏడాదికి 96 వేలు, ఊళ్లలో 72 వేలు ఆదాయం దాటితే ఇవ్వరు, నా జీతం దాటుతుంది. దానికి నాకేం కోపం లేదు, రూలు రూలే, నాకంటే అవసరమున్నవాళ్లకు పోనీ. మొదటి రోజే జీతం ఎంత అని అడిగితే మూడు పూటలు మిగిలేవి, అదొక్కటే బాధ. ఒక మంచి మాత్రం జరిగింది, తర్వాత అక్కడి సోషల్ వర్కర్ ఒకాయన ఇంటికి వచ్చి మా అమ్మతో గంట సేపు కూర్చున్నాడు. ఆమెకు కూడా బిడ్డ పోయింది కదా, ఆ సంగతి ఆయన వచ్చేదాకా మేమెవరం పట్టించుకోలేదు. వాకిట్లో బండి ఆపి, పిల్ల పేరు అడుగుతూ వచ్చేసరికి వాడ మొత్తం బయటికి వచ్చి చూసింది, అదొకటి తప్పిస్తే ఆయన మంచివాడే.

రెండో తప్పు డిసెంబర్‌లో. పంచాయతీ ఎన్నికల డ్యూటీకి తెలుగు మేడం పోయారు. అయిదు లైన్ల ఉత్తరం ఆమె బీరువాలో ఉండిపోయింది. బదులుగా వచ్చిన సారుకు తెలియదు, ఆధార్ జిరాక్స్ కోసం అటెండర్‌ను పంపించాడు. మళ్లీ పేరు, మళ్లీ తలుపు. మూడు రోజులు పిల్ల మంచం దిగలేదు, మూడు నెలల కష్టం మూడు నిమిషాల్లో పోయిందని నాకు తల తిరిగింది. ఇంత చేసిన ఈ సేవ మొత్తం ఒక్క మనిషి మీద, ఒక్క బీరువా తాళం మీద నడుస్తోందని అప్పుడు తెలిసింది. సైకాలజిస్టు మేడం మాత్రం కంగారు పడలేదు. వెనక్కి జారడం మామూలే, ఈసారి తొందరగా లేస్తుంది చూడండి అన్నారు. నిజంగానే నాలుగో రోజు పోయింది.

2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో, వందమంది, అంతకు మించి విద్యార్థులు ఉన్న చదువుల సంస్థల్లో కనీసం ఒక కౌన్సెలర్‌ ఉండాలని, అంతకు తక్కువ ఉన్నచోట బయటి నిపుణులతో పద్ధతి ప్రకారం సంబంధం పెట్టుకోవాలని చెప్పింది. మా బళ్లో పిల్లలు వంద దాటి చాలా ఎక్కువే, కౌన్సెలర్ కుర్చీ నేనైతే ఇంకా చూడలేదు. 2015–16 జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని తేలింది, అంటే నలభై మంది క్లాసులో దాదాపు ముగ్గురు. మిగతా ఇద్దరి సంగతి ఏ మేడం రాసిపెడుతోందో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పోవాలనుకునేవాళ్లకు ఒకటి రెండు మాటలు. బండి ఏడాదికి ఒకసారే వస్తుంది, దాని కోసం ఆగకండి, ఆధార్, బడి వాళ్ల చీటీ పట్టుకుని నేరుగా డీఈఐసీకి కూడా పోవచ్చు, మా తర్వాత మా వాడలో ఒకావిడ అలాగే పోయింది. పొద్దున తొమ్మిదికల్లా లైన్లో ఉండండి. టీచర్‌తో తేదీలు రాయించుకోండి, అది స్కానింగ్ కంటే ఎక్కువ పనికొచ్చింది. పిల్లలకు ఎక్కడైనా ప్రమాదం ఉందనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. దవాఖాన ఇచ్చిన ఉత్తరం నాలుగు జిరాక్సులు తీయించి క్లాస్ టీచర్‌కు, హెచ్ఎంకు, ఒకటి మీ దగ్గర.

నాలుగోది ఎవరికంటే, డిసెంబర్‌లో నేను చేసిన పని అది. బడికి పోయి అటెండర్‌ను పక్కకు పిలిచి ఆ ఉత్తరం ఇచ్చా. ఇన్నాళ్లలో ఆయనకు ఎవరూ చూపించలేదు. కళ్లద్దాలు పెట్టుకుని నిలబడే మొత్తం చదివాడు. "నన్ను చూసి భయపడతాందా" అని ఒక్కటే అడిగాడు. మిమ్మల్ని చూసి కాదన్నా, చీటీని చూసి అన్నాను.

మేడారం సెలవులయ్యాక ఒకరోజు పిల్ల బళ్లోంచి వచ్చి, బ్యాగు మంచం మీద పడేసి చెప్పింది. అటెండర్ పెదనాన్న ఇప్పుడు ఏ క్లాసుకు వచ్చినా తలుపు దగ్గరే "ఏం కాలే బిడ్డలూ, సంతకం కోసం వచ్చిన" అనో "ఏం కాలే, బుక్కులు వచ్చినయ్" అనో ముందు అరిచి, తర్వాతే చీటీ తీస్తాడట. పిల్లలంతా ఆయనకు "ఏం కాలే సార్" అని పేరు పెట్టారట.